వెలుగు పడితేనే విషం: కాంతితో పనిచేసే లోహ ఔషధాల రూపకల్పన

సిస్‌ప్లాటిన్‌కి అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. వృషణాల క్యాన్సర్‌ని నయమయ్యే జబ్బుల జాబితాలోకి తెచ్చిన మందు అది. కానీ ఒకసారి రక్తంలోకి ఎక్కించాక అది ఏ కణంలోకి పోతుందో, ఏ డీఎన్‌ఏకి అతుక్కుంటుందో వైద్యుడి చేతిలో ఉండదు. కణితితోపాటు మూత్రపిండాలు దెబ్బతింటాయి, వినికిడి తగ్గుతుంది, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. మోతాదు పెంచుదామంటే కణితి కంటే ముందు రోగే తట్టుకోలేడు.

మందు ఒళ్లంతా తిరిగితే తిరగనీ, మనం వెలుగు చూపించిన చోట మాత్రమే పనిచేయాలి అన్న ఆలోచన నుంచి పుట్టినవి కాంతితో పనిచేసే లోహ కాంప్లెక్సులు. మధ్యలో ఒక లోహ అయాన్, దాన్ని నాలుగు లేదా ఆరు చోట్ల పట్టుకుని కూర్చున్న లైగాండ్లు. ఈ కట్టడం చీకట్లో ఎవరి జోలికీ పోకూడదు. కాంతిని మోసే సన్నని ఫైబర్‌లోంచి వచ్చిన కాంతి తగలగానే కణాన్ని చంపే రసాయనం మొదలుపెట్టాలి. చెప్పడానికి ఇంతే. చేయబోతే మాత్రం ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం పడుతూనే ఉంటాయి. కాంతికి సులువుగా స్పందించే బంధం చాలాసార్లు వేడికీ, కణంలో సహజంగా ఉండే గ్లూటాథయోన్ అనే క్షయకరణ పదార్థానికీ కూడా సులువుగానే లొంగిపోతుంది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా లోహంతో మొదలుపెడతారు. అందమైన లైగాండ్ తయారుచేసి, రుథేనియంకి తగిలించి, ఆ తర్వాత ఏ దీపం సరిపోతుందా అని వెతుకుతారు. ఈ వరస తలకిందులుగా ఉండాలి. కణితి ఎక్కడుంది, ఎంత మందం, అక్కడికి ఏ రంగు కాంతి ఎంత చేరుతుంది, అక్కడ ఆక్సిజన్ ఉందా లేదా అన్నవి తేలాకే అణువు బొమ్మ గీయాలి.

కాంతి బడ్జెట్

కణజాలంలో హిమోగ్లోబిన్, మెలనిన్ కలిసి నీలి, ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. 950 నానోమీటర్లు దాటితే ఆ పని నీరే చేస్తుంది. మధ్యలో సుమారు 650 నుంచి 900 దాకా ఒక సందు ఉంది. అందులో కూడా కాంతి అడుగడుగునా చెదురుతుంది కాబట్టి, ఎర్ర కాంతి ఉపయోగపడే లోతు కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు. నీలి కాంతి మిల్లీమీటరు దాటడమే గగనం.

అయితే ఎంత ఎరుపైతే అంత మంచిదా? తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఒక్కో ఫోటాన్ మోసుకొచ్చే శక్తి తగ్గిపోతుంది. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో శక్తి వస్తుంది: 450కి 2.76, 520కి 2.38, 700కి 1.77, 850కి 1.46. మామూలు ఆక్సిజన్‌ని, కణాలను చంపే చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్‌గా మార్చడానికి 0.98 చాలు కాబట్టి 850 దగ్గర కూడా మిగులు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ కాంతిని మింగిన అణువు పనికొచ్చే స్థితికి దిగేలోపే కొంత శక్తి వేడిగా పోతుంది. రుథేనియం కాంప్లెక్సుల్లో ఈ నష్టం అర ఎలక్ట్రాన్ వోల్టు పైమాటే. పైగా ఉత్తేజిత స్థితి (కాంతి మింగి శక్తి పెరిగిన స్థితి) శక్తి తగ్గేకొద్దీ అది మామూలు నేల స్థితికి జారిపోయే వేగం పెరుగుతుంది. అందుకే 850 చుట్టుపక్కల చాలా డిజైన్లు ఆగిపోతాయి.

దీన్ని దాటడానికి రెండు అడ్డదారులున్నాయి. ఒకటి, 800 నానోమీటర్ల దగ్గర రెండు ఫోటాన్లను ఒకేసారి మింగించడం. దానికి ఫెమ్టోసెకండ్ లేజర్ కావాలి, కాంతి కేంద్రీకృతమయ్యే చోటు చాలా చిన్నది. రెండోది, 980 కాంతిని మింగి నీలి కాంతిని వెదజల్లే లాంథనైడ్ నానోకణాలను జతచేయడం. వాటి సామర్థ్యం నూటికి ఒకటికి కూడా చేరడం కష్టం, 980 దగ్గర కణజాలంలోని నీరు వేడెక్కుతుంది కూడా. పత్రికల్లో ఈ రెండూ బాగా మెరుస్తాయి, రోగి దాకా వెళ్లడం వేరే సంగతి.

మింగిన కాంతి ఎటు పోతుంది

ఈ రంగానికి నమూనా అణువు ట్రిస్‌బైపిరిడిన్ రుథేనియం. ఇది 452 నానోమీటర్ల దగ్గర బాగా మింగుతుంది, ఎంత బలంగా మింగుతుందో చెప్పే మోలార్ శోషణ గుణకం సుమారు 14,600. అప్పుడు లోహం మీది ఎలక్ట్రాన్ ఒకటి లైగాండ్ మీదకి గెంతుతుంది. రుథేనియం బరువైన లోహం కావడంతో స్పిన్ మారడానికి ఉండే అడ్డంకి సడలి, పికోసెకండ్ కూడా గడవకముందే దాదాపు ప్రతి అణువూ ట్రిప్లెట్ అనే, ఎక్కువసేపు నిలిచే ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆక్సిజన్ తీసేసిన నీటిలో ఆ స్థితి సుమారు 600 నానోసెకన్లు బతుకుతుంది.

అక్కడి నుంచి మూడు దారులు. కాంతిగానో వేడిగానో శక్తిని వదిలేయడం, పక్కనున్న అణువుకి శక్తినో ఎలక్ట్రాన్‌నో ఇవ్వడం, లేదా లోహ కేంద్రిత స్థితి అనే మరో మెట్టుకి ఎక్కి బంధం తెంపుకుని లైగాండ్‌ని జారవిడవడం. రెండో దారిని వాడేది ఫోటోడైనమిక్ థెరపీ, మూడోదాన్ని వాడేది ఫోటోయాక్టివేటెడ్ కీమోథెరపీ. లైగాండ్ల ఎంపిక అంతా ఏ దారి తెరవాలి, ఏది మూయాలి అన్నదాని గురించే.

లోహం ఎంపికలో ఒక చిన్న విషయం చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. పోర్ఫిరిన్, థాలోసయనిన్ లాంటి వలయాల్లో జింక్, అల్యూమినియం, పల్లాడియం, లుటీషియం పెడితే ట్రిప్లెట్ స్థితి బాగా నిలబడుతుంది. అదే వలయంలో రాగి, ఇనుము, కోబాల్ట్ లాంటి జతకూడని ఎలక్ట్రాన్లున్న అయాన్ పెడితే ఉత్తేజిత స్థితి పుట్టీ పుట్టకుండానే చల్లారిపోతుంది. అలాగని ఆ లోహాలు పనికిరావని కాదు, వాటిని వేరే రకంగా వాడాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో అఖిల్ చక్రవర్తి బృందం ఇనుము, రాగి, కోబాల్ట్, ఆక్సోవనేడియం కాంప్లెక్సుల్లో ఆవేశ బదిలీ పట్టీలనీ, కర్క్యుమిన్ లాంటి రంగు లైగాండ్లనీ వాడుకుంది. కర్క్యుమిన్ ఒంటరిగా ఉంటే శరీరపు పీహెచ్ దగ్గర త్వరగా విడిపోతుంది, లోహం పట్టుకుంటే నిలుస్తుంది.

రుథేనియం స్థానంలో ఆస్మియం పెడితే శోషణ 700 దాకా సాగుతుంది, కాంప్లెక్స్ కాంతికి విరిగిపోదు కూడా. దాని బదులు ట్రిప్లెట్ ఆయుష్షు పదుల నానోసెకన్లకు పడిపోతుంది.

ఆయుష్షు ఎందుకింత ముఖ్యం

గాలి కలిసిన నీటిలో ఆక్సిజన్ లీటరుకి 0.27 మిల్లీమోల్ ఉంటుంది. ఉత్తేజిత రుథేనియం ఆక్సిజన్‌ని ఢీకొనే వేగ స్థిరాంకం సుమారు 3.3 × 10⁹. రెండూ గుణిస్తే సెకనుకి దాదాపు పది లక్షలు, అంటే ఒక ట్రిప్లెట్‌కి సుమారు ఒక మైక్రోసెకండుకోసారి ఆక్సిజన్ తగులుతుంది. 600 నానోసెకన్లు బతికే అణువుల్లో మూడో వంతు దాకా పని పూర్తిచేస్తాయి. ఇప్పుడు కణితి మధ్యకి వెళ్దాం. అక్కడ ఆక్సిజన్ ముప్ఫయ్యో వంతుకు పడిపోయిందనుకుంటే, తగలడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. 600 నానోసెకన్ల అణువుల్లో పనిచేసేవి నూటికి రెండే. అదే 20 మైక్రోసెకన్లు బతికే అణువైతే ఇదే పరిస్థితిలో నూటికి 37 పనిచేస్తాయి.

టీఎల్‌డీ1433 అనే రుథేనియం కాంప్లెక్స్ రహస్యం ఈ లెక్కలోనే ఉంది. షెర్రీ మెక్‌ఫార్లాండ్ బృందం రూపొందించిన ఈ అణువులో ఒక లైగాండ్‌కి మూడు థయోఫీన్ వలయాల గొలుసు తగిలించి ఉంటుంది. (బంతి మొక్క వేళ్లలో ఉండే ఆల్ఫా టెర్‌థైనైల్ ఇదే గొలుసు, వెలుగులో పురుగులకీ నులిపురుగులకీ విషమని ఎప్పటినుంచో తెలుసు.) ఆ గొలుసు వల్ల ఉత్తేజిత శక్తి లోహం మీద కాకుండా సేంద్రియ భాగంలో దాగుతుంది, ఆయుష్షు పదుల మైక్రోసెకన్లకు చేరుతుంది. వలయాలు ఒకటో రెండో అయితే ఆ సేంద్రియ స్థితి శక్తి ఎక్కువగా ఉండి, లోహపు స్థితి కంటే కిందకి దిగదు, మూడో వలయంతో దిగుతుంది.

దీని శోషణ శిఖరం ఎరుపులో లేదు. మూత్రాశయ చికిత్సలో వాడేది 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, అక్కడ అది మింగేదీ తక్కువే. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది చెడ్డ మందు. కానీ కండరంలోకి దిగని మూత్రాశయ క్యాన్సర్ పైపొరలోనే ఉంటుంది. కాంతి లోతుకు వెళ్తే కండరం దెబ్బతిని మూత్రాశయం ముడుచుకుపోయే ప్రమాదం ఉంది, కాబట్టి లోతుకు పోని ఆకుపచ్చ కాంతే ఇక్కడ రక్షణ. 2017లో మొదలైన రోగుల పరీక్షల్లో మందుని రక్తంలోకి ఎక్కించకుండా కాథెటర్‌తో నేరుగా మూత్రాశయంలో నింపి, సుమారు గంట ఉంచి, కడిగేసి, ఆపై కాంతి ఇచ్చారు. మోతాదు మూత్రాశయ లోపలి ఉపరితలంలో చదరపు సెంటీమీటరుకి 0.70 మిల్లీగ్రాములు, కాంతి కూడా చదరపు సెంటీమీటరుకి 90 జౌళ్లు.

పల్లాడియం ఉన్న పాడెలిపోర్ఫిన్ దీనికి పూర్తి విరుద్ధం. ప్రోస్టేట్ లోతైన అవయవం కాబట్టి 753 నానోమీటర్లు ఎంచుకున్నారు. మందుని పది నిమిషాల్లో సిరలోకి ఎక్కించి, వెంటనే ప్రోస్టేట్‌లో గుచ్చిన ఫైబర్లను వెలిగిస్తారు. ఫైబర్ పొడవులో సెంటీమీటరుకి 150 మిల్లీవాట్ల చొప్పున 22 నిమిషాల 15 సెకన్లు, అంటే సెంటీమీటరుకి 200 జౌళ్లు. మందు రక్తనాళాల్లోనే ఉండగా వెలుగు పడటంతో నాళాలు మూసుకుపోయి, వాటి మీద బతికే కణితి ఎండిపోతుంది. 2017లో ఐరోపా సంఘం దీనికి అనుమతిచ్చింది. శరీరం నుంచి త్వరగా పోతుంది కాబట్టి ఎండకు దూరంగా ఉండాల్సింది రెండు రోజులే. తొలి తరం పోర్ఫిమర్ సోడియంతో కనీసం 30 రోజులు దాక్కోవాలి.

ఆక్సిజన్ లేకపోతే

ఆక్సిజన్ అవసరం లేని దారి కోసం పీటర్ శాడ్లర్ బృందం ప్లాటినం(IV) డైఅజైడ్ కాంప్లెక్సులను తీర్చిదిద్దింది. అంతకుముందు అయొడైడ్‌తో చేసిన ప్లాటినం(IV) కాంప్లెక్సులు కాంతికి చక్కగా స్పందించేవి, కానీ గ్లూటాథయోన్ వాటిని చీకట్లోనే ప్లాటినం(II)గా మార్చేసేది. కణంలో గ్లూటాథయోన్ 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది మరి. అయొడైడ్ తీసి అజైడ్, హైడ్రాక్సైడ్ పెట్టి, అన్ని జతలనూ ఎదురెదురుగా అమర్చాక చీకటి స్థిరత్వం వచ్చింది. కాంతి పడితే అజైడ్ రాడికల్‌గా ఊడిపోతుంది, మిగిలిన ప్లాటినం(II) డీఎన్‌ఏని పట్టుకుంటుంది. లోటు ఏమిటంటే బలమైన శోషణ అతినీలలోహితంలో ఉంది, నీలి, ఆకుపచ్చ రంగుల్లో తోక మాత్రమే ఉంటుంది.

వీటిని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. భారలోహ అజైడ్లు పొడిగా ఉన్నప్పుడు పేలవచ్చు. కొద్ది మిల్లీగ్రాముల మోతాదులోనే చేయాలి, లోహపు గరిటెతో గీకకూడదు, డైక్లోరోమీథేన్ దరిచేరనివ్వకూడదు, ఆమ్లం కలిపితే విషపూరితమైన హైడ్రజోయిక్ ఆమ్లం వస్తుంది.

రుథేనియంతో ఇదే పని చేయాలంటే లైగాండ్‌ని ఇరుకులో పెట్టాలి. బైపిరిడిన్ 6, 6′ స్థానాల్లో మిథైల్ సమూహాలు పెడితే అవి పక్క లైగాండ్‌ని తోస్తాయి, అష్టముఖి ఆకారం వంకరపోతుంది, లోహ కేంద్రిత స్థితి శక్తి తగ్గుతుంది. అప్పుడు కాంతి తగిలిన అణువు ఆ మెట్టు సులువుగా ఎక్కి లైగాండ్‌ని వదిలేస్తుంది. బైక్వినొలిన్ వాడితే ఒకే దెబ్బకి రెండు లాభాలు: ఇరుకూ వస్తుంది, శోషణ ఎరుపు వైపుకీ జరుగుతుంది. మామూలుగా శోషణని ఎరుపుకి జరిపితే, ట్రిప్లెట్ స్థితి కిందకి దిగి, లోహ కేంద్రిత స్థితి అందనంత ఎత్తున ఉండిపోయి కాంతి చర్య ఆగిపోతుంది. బైక్వినొలిన్‌లో ఇరుకు ఆ స్థితిని కూడా కిందకి లాగుతుంది. అయితే మరీ ఇరుకు చేస్తే 37 డిగ్రీల దగ్గర చీకట్లోనే లైగాండ్ ఊడుతుంది. ద్రావణాన్ని చీకట్లో 37 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులు ఉంచి, అతినీలలోహిత-దృశ్య వర్ణపటం మారుతోందేమో చూస్తే ఇది బయటపడుతుంది. ఆ పరీక్ష గ్లూటాథయోన్ కలిపి కూడా చేయాలి.

ఇలాంటి మందుల్లో చంపింది ఎవరన్న ప్రశ్న తేలిగ్గా తీసుకోకూడదు. లైగాండ్ ఊడాక లోహం డీఎన్‌ఏని పట్టుకుంటుంది కాబట్టి లోహమే విషమని చాలాకాలం అనుకున్నారు. లైడెన్‌లో సిల్వెస్టర్ బొనే బృందం 2017లో పరీక్షిస్తే, కొన్ని సందర్భాల్లో ఊడిన డైమిథైల్ బైపిరిడిన్ లైగాండే విషమని, మిగిలిన రుథేనియం నిరపాయమని తేలింది. అందుకే ఊడిపడే ప్రతి ముక్కనూ విడిగా తయారుచేసి, విడిగా కణాల మీద చూడాలి. ఆ ఫలితాన్నే తిప్పి వాడుకోవచ్చు కూడా: తెలిసిన ఎంజైమ్ నిరోధకాన్ని రుథేనియంకి కట్టేసి మూగపోయేలా చేసి, ఎర్ర కాంతితో విడిపించడం.

ఆక్సిజన్ మీద ఆధారపడని ఇంకో దారి 2019లో కనిపించింది. ఇరిడియం కాంప్లెక్స్ ఒకటి నీలి కాంతిలో కణంలోని ఎన్‌ఏడీహెచ్ అనే సహఎంజైమ్‌ని ఉత్ప్రేరకంగా ఆక్సీకరించి శక్తి తయారీని కుప్పకూలుస్తుందని, ఆక్సిజన్ తక్కువున్నా ఇది జరుగుతుందని చూపించారు. ఒక్క అణువు మళ్లీ మళ్లీ పనిచేయడం దీని బలం.

బల్ల మీద తప్పులు

తయారీలో వచ్చే ఇబ్బందుల్లో మొదటిది ప్రతి-అయాన్, అంటే కాంప్లెక్స్‌కి జతగా ఉండే వ్యతిరేక ఆవేశపు అయాన్. రుథేనియం కాంప్లెక్సులను హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణంగా అవక్షేపించి శుద్ధి చేయడం సులువు, కానీ ఆ లవణం నీటిలో సరిగా కరగదు. ఎసిటోన్‌లో కరిగించి టెట్రాబ్యూటైల్ అమ్మోనియం క్లోరైడ్ కలిపితే క్లోరైడ్ లవణం కిందకి దిగుతుంది. దాన్ని వడపోసి ఎసిటోన్‌తో బాగా కడగాలి, లేకపోతే మిగిలిన అమ్మోనియం లవణమే కణాలను చంపి మందుకి లేని పేరు తెస్తుంది. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీలో శుద్ధత 95 శాతం దాటాలి, మూలక విశ్లేషణ సరిపోవాలి. పని అంతా మసక ఎర్ర దీపం కిందో, అల్యూమినియం రేకు చుట్టిన సీసాల్లోనో జరగాలి.

డీఎంఎస్‌వో అనే ద్రావణి దగ్గర జాగ్రత్త. రుథేనియం ట్రిస్ కాంప్లెక్సులకు ఇబ్బంది లేదు గానీ, సిస్‌ప్లాటిన్‌ని అందులో కరిగిస్తే డీఎంఎస్‌వో క్లోరైడ్ స్థానంలో కూర్చుని మందుని పాడుచేస్తుంది. పోలిక కోసం పెట్టుకున్న సిస్‌ప్లాటిన్ బలహీనంగా కనిపిస్తే కొత్త మందు గొప్పదని కాదు, సిస్‌ప్లాటిన్ సీసా తప్పని ముందు అనుమానించాలి. దాన్ని ఉప్పునీటిలో కరిగించాలి.

కాంతి మోతాదు లెక్క తేలిక: చదరపు సెంటీమీటరుకి 20 మిల్లీవాట్లు, 500 సెకన్లు, మొత్తం 10 జౌళ్లు. కానీ అదే 10 జౌళ్లను 200 మిల్లీవాట్లతో 50 సెకన్లలో పోస్తే ఫలితం ఒకటి కాదు, ఆక్సిజన్ చేరే వేగం కంటే ఖర్చయ్యే వేగం ఎక్కువై చర్య ఆగిపోవచ్చు. కాబట్టి మొత్తం ఒక్కటే కాకుండా తీవ్రతని, తరంగదైర్ఘ్యాన్ని, పట్టీ వెడల్పుని కూడా రాయాలి. మందు ఎంత మింగిందో కూడా లెక్కేయడం మంచిది. శోషణ గుణకం 2,000 ఉన్న మందు 10 మైక్రోమోలార్, ద్రవం లోతు 3 మిల్లీమీటర్లు అయితే నూటికి ఒకటిన్నర ఫోటాన్ కూడా మందుకి దక్కదు.

కణాలను పెంచే గుంటల ప్లేట్‌లో వచ్చే తప్పులు చిన్నవిగానే ఉంటాయి, కానీ ఫలితాన్ని తిప్పేస్తాయి. ఫినాల్ రెడ్ అనే రంగు ఉన్న మాధ్యమం (కణాలు పెరిగే ద్రవం) కాంతిని మింగుతుంది. రైబోఫ్లేవిన్, హెపీస్ అనే బఫర్ కలిసిన మాధ్యమం నీలి కాంతిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, మందు లేకుండానే కణాలు చస్తాయి. మూత మీద తేమ పేరుకుంటే కొన్ని గుంటలకు కాంతి తక్కువ పడుతుంది. ఎల్‌ఈడీ పలక మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ వెలుగు ఇస్తుంది కాబట్టి పవర్ మీటరుతో గుంట గుంటకూ కొలవాలి. కాంతి ఇచ్చాక మాధ్యమం ఉష్ణోగ్రత ఒకసారి చూడాలి. కనీసం నాలుగు గుంపులు తప్పవు: మందు, కాంతి రెండూ లేనివి, కాంతి ఒక్కటే, మందు ఒక్కటే, రెండూ కలిసినవి. బతికిన కణాలను రంగుతో లెక్కించే ఎంటీటీ పరీక్ష రీడింగ్ తీసే తరంగదైర్ఘ్యం దగ్గరే మందు కూడా కాంతిని మింగితే ఇంకో పద్ధతితో సరిచూడాలి.

సింగ్లెట్ ఆక్సిజన్ కొలతకి చాలామంది డీపీబీఎఫ్ అనే రంగు పదార్థం వాడతారు. అది 410 దగ్గర మింగుతుంది, నీలి దీపం కింద తనంతట తానే పాడవుతుంది. మందు లేని గుంటలో ఎంత తగ్గిందో తీసేయకపోతే ప్రతి కాంప్లెక్సూ అద్భుతమే. సోడియం అజైడ్ కలిపితే సింగ్లెట్ ఆక్సిజన్ ఆగుతుంది, భారజలంలో దాని ఆయుష్షు సుమారు 3.5 నుంచి 68 మైక్రోసెకన్లకు పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏదీ ఫలితాన్ని మార్చకపోతే, చంపుతున్నది సింగ్లెట్ ఆక్సిజన్ కాదేమో చూసుకోవాలి.

చీకట్లోని ఐసీ50ని (సగం కణాలను ఆపే మోతాదుని) వెలుగులోని ఐసీ50తో భాగిస్తే వచ్చే ఫోటోటాక్సిసిటీ సూచీని వ్యాసాల శీర్షికల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. కాంతి పెంచితే సూచీ పెరుగుతుంది. చీకటి గుంపుని 24 గంటలే ఉంచి, వెలుగు గుంపుని 72 గంటలు ఉంచితే ఇంకా పెరుగుతుంది. మందు 100 మైక్రోమోలార్ దాటి కరగకపోతే చీకటి విలువ నిజంగా ఎంతో తెలియదు. రెండు గుంపులకూ ఒకే కాలవ్యవధి, ఒకే కడుగుడు, ఒకే కణాల సంఖ్య ఉన్నప్పుడే ఆ అంకెకు అర్థం. ఇక ఆక్సిజన్ 1 శాతం దగ్గర పరీక్ష చేసేటప్పుడు ప్లాస్టిక్ ప్లేట్‌లోనే ఆక్సిజన్ కరిగి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ప్లేటు, మాధ్యమం రెండింటినీ ముందురోజు రాత్రే ఆక్సిజన్ తగ్గించిన గదిలో పెట్టకపోతే తక్కువ ఆక్సిజన్ పేరుకే మిగులుతుంది.

రోగి దగ్గరికి వచ్చేసరికి

మందు ఇచ్చాక ఎంతసేపటికి కాంతి ఇవ్వాలన్నది మోతాదంత ముఖ్యం. త్వరపడితే రక్తనాళాలు, ఆలస్యం చేస్తే కణితి కణాలు దెబ్బతింటాయి. ఎప్పుడు కణితిలో ఎక్కువ, చర్మంలో తక్కువ ఉంటుందో జంతువుల కణజాలంలో, లోహ పరమాణువులను లెక్కించే ఐసీపీ-ఎంఎస్ పరికరంతో లోహాన్ని కొలిచి కనిపెట్టాలి. సేంద్రియ మందుల కంటే లోహ మందులకు ఇదొక సౌకర్యం, మందు విరిగినా లోహం లెక్కకు దొరుకుతుంది. అయితే ఆ లెక్క చెక్కుచెదరని మందుదా, ముక్కలదా అన్నది ఐసీపీ-ఎంఎస్ చెప్పదు, పక్కన హెచ్‌పీఎల్‌సీ ఉండాలి.

అనుమతి కూడా మందు ఒక్కదానికి రాదు. తరంగదైర్ఘ్యం, ఫైబర్ రకం, తీవ్రత, సమయం అన్నీ దానితోపాటే వస్తాయి. దీపం మారిస్తే పరీక్షలు మళ్లీ చేయాలి. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కి ఈ పద్ధతి సరిపోదు, కనబడని చోట వెలుగు చూపించలేం కదా. ఎండోస్కోప్ చేరే మూత్రాశయం, అన్నవాహిక, శ్వాసనాళాలు, కంటికి కనిపించే చర్మం, శస్త్రచికిత్సలో కణితి తీశాక మిగిలిన గోడ అంచులు: ప్రస్తుతానికి ఈ మందుల పరిధి అంతవరకే.